మాది, మనది

వార్షిక సంచికకు ఉపాధ్యాయులు వ్రాయు వ్యాసములలో విద్యార్థుల తప్పులే తరచుగా కానవచ్చును. ఈ తడవ మేము చేసిన తప్పు నొకదానిని వ్రాసెదమని సంపాదకవర్గమునకు విన్నవించితిమి. వారు సంతోషముతో నొప్పుకొనిరి. సంతోష మెందుకో మే మడుగలేదు. విషయము కంప్యూటరు గదికి సంబంధించినది. ఆ గది గడప త్రొక్కని తల్లిదండ్రులును, పూర్వవిద్యార్థులును మొదటి నాలుగైదు పేరాలు ఓపిక పట్టి చదివినయెడల తరువాతి సంగతి సులభముగ తెలియగలదు.

మా పాఠశాల బకింగ్‌హాము కాలువకు తూర్పున, రాత్రివేళ సముద్రపు హోరు వినవచ్చునంత దూరములో నున్నది. విద్యార్థులలో సగమునకు మించినవారు వేటకు పోవు కుటుంబములవారు. తక్కినవారు వరికయ్యలలోను, రొయ్యలగుంటలమీదను, ఉప్పుకయ్యలలోను పనిచేయువారి బిడ్డలు. 2022వ సంవత్సరమున తొమ్మిది, పది తరగతుల పిల్లలతో గలసి మే మొక పని మొదలుపెట్టితిమి. ఈ తీరమున పెద్దల నోట వినబడుచు పిల్లల నోట వినబడని మాటలను సేకరించి, అర్థములతో నొక పట్టిక చేయుట ఆ పని. చందువ, వంజరము, నెత్తళ్ళు మొదలగు చేపల పేర్లకు భయము లేదు. అంగడి యున్నంతకాలము అవి యుండును. చుక్కల పేర్లును, గాలుల పేర్లును మాత్రము పోవుచున్నవి. పడవలలోనికి జీపీఎస్ యంత్రము వచ్చిన పిమ్మట ఆకాశమువంక చూడవలసిన యవసరము తగ్గినది. మనము పుస్తకములలో కృత్తికలని చదువు చుక్కలగుంపును ముసలివారు పిల్లలకోడి యందురు. ఒక పిల్లవాడు ఈ మాట విని, అది కోళ్లను గూర్చిన సంగతి యనుకొని, పెంపుడు జంతువుల క్రింద వ్రాసికొని వచ్చెను. అప్పుడే ఈ పని చేయవలసినదని మాకు గట్టిగా తోచినది.

పట్టికను ఒక నోటుపుస్తకములో వ్రాసినచో అది ఒకరి యింటనే యుండును. ఇరువదిమంది ఇరువది పుస్తకములలో వ్రాసినచో తుదకు ఇరువది పట్టిక లగును. అందుచే గిట్ అను సాధనము నాశ్రయించితిమి. ఇది 2005వ సంవత్సరము ఏప్రిల్ నెలలో లీనస్ టోర్వాల్డ్స్ రచించినది. లైనక్స్ కెర్నెల్ అను మహానిర్మాణమున అనేక దేశములవారు వ్రాయుచుండిన దాని నంతటిని ఒకచోట కూర్చుటకు, అంతకుముందు బిట్‌కీపర్ అను వేరొక సాధనమును వాడుచుండిరి. దాని ఉచితవినియోగము నిలిచిపోగా అతడు తానే యొకదానిని నిర్మించుకొనెను. ఆ సంవత్సరము జూలై మొదలుకొని జునియో హమానో దాని పోషణభారమును వహించిరి. ప్రోగ్రాములు వ్రాయువారికొరకు పుట్టినదైనను, వరుసలు వరుసలుగా వ్రాయబడు నే రచనకైనను ఇది పనికివచ్చును. మా పట్టికయు వరుస కొక మాటగా వ్రాయబడినదే.

దాని పద్ధతి యిది. పాఠశాలలోని పెద్ద యంత్రమున నొక కోశ ముండును. ప్రతి విద్యార్థియు ఆ కోశమును దాని పూర్వచరిత్రతో గూడ తన యంత్రములోనికి తెచ్చుకొనును. తాను చేసిన మార్పును కమిట్ చేయును. అనగా పేరును, దినమును, వేళను, చిన్న వివరణవాక్యమును చేర్చి నమోదు చేయును. ప్రతి నమోదును తనకు ముందున్న నమోదును వ్రేలితో చూపుచుండును. కావున కడపటి దానిని పట్టుకొని వెనుకకు నడచినచో మొదటి దినమువరకు పోవచ్చును. తన నమోదులను పెద్ద కోశమునకు పంపుట పుష్. అక్కడ చేరిన క్రొత్తవానిని తెచ్చుకొనుట పుల్.

చిక్కంతయు ఈ పుల్‌లో నున్నది. ఉదయమున ఇద్దరు పిల్లలు ఒకే స్థితినుండి పని మొదలుపెట్టిరనుకొందము. ఒకడు ముందుగా పుష్ చేసెను. రెండవ పిల్ల పుష్ చేయబోగా కోశ మంగీకరింపదు. నీ యొద్ద లేని పని యిచ్చట చేరియున్నది, ముందు దానిని తెచ్చుకొమ్మని చెప్పును. ఆమె పుల్ చేయును. తెచ్చుకొనుట యొక్కటే జరిగినదని ఆమె తలంచును. నిజమునకు పుల్ అనునది రెండు పనులు. మొదటిది ఫెచ్, అనగా తెచ్చుట. రెండవది మెర్జ్, అనగా కలుపుట. ఆమెకు సొంత నమోదు లేనిచో కలుపవలసిన దేమియు లేదు. ఆమె ప్రతి నేరుగా ముందుకు జరుగును. దీనిని ఫాస్ట్ ఫార్వర్డ్ అందురు. సొంత నమోదు ఒక్కటి యున్నను రెండు దారులు చీలినట్లే. అప్పుడు సాధనము ఆ రెండు దారులను కలిపి, రెండు మూలములు గల నమోదు నొకదానిని సృష్టించి, ఆమె పేరున వ్రాయును. వివరణ కొరకు తెరమీద నొక పుట తెరచును గాని, అందులో ఇంగ్లీషున నేదియో ముందే వ్రాసియుండును. పిల్లలు ఆ పుటను చూచి భయపడి మూసివేయుదురు. మూయుటతోడనే నమోదైపోవును.

ఇట్టివి మా చరిత్రలో మూడవవంతు నిండియుండెను. పిల్లలు వానికి కలుపు అని పేరు పెట్టిరి. కలుపుటవలన పుట్టినది గనుకను, చేనిలో కలుపువలె పెరుగుచున్నది గనుకను. మేమును నవ్వి యూరకుంటిమి. కలుపు తీయువారు లేని చేను ఎట్లుండునో వరికయ్యల నడుమ నివసించు మేము ఎరుగనిది కాదు. అయినను, దానివలన మాటల కేమియు హాని లేదు గదా, చరిత్ర కొంచెము వికారముగ నున్నంతమాత్రమున నేమని మా తలంపు.

ఇక సంగతి. తొమ్మిదవ తరగతిలో నొక బాలిక యుండెను. మాటలు తక్కువ, వ్రాత గుండ్రము. ఆమె తల్లి తండ్రి నలువదేండ్లకు మించి వేటకు పోయిన వృద్ధుడు. కన్నులు మందగించి యింట నుండెను. ఈమె ప్రతిసాయంకాలము ఆయన యొద్ద కూర్చుండి, గాలిపేర్లును, చుక్కలపేర్లును, నీటి పోకడల పేర్లును నోటుపుస్తకములో వ్రాసికొని, 2023వ సంవత్సరము నవంబరులో పాఠశాలకు తెచ్చి పట్టికలో నెక్కించెను. మొత్తము 41 మాటలు. ఎక్కించిన దినమున మేము సెలవులో నుంటిమి గాన చూడలేదు. డిసెంబరు మొదటివారమున మిచౌంగ్ తుపాను వచ్చినది. అది 5వ తేదీని బాపట్ల దగ్గర తీరము దాటినదేగాని, దాటుటకు ముందు మన నెల్లూరు తీరమును విపరీతమైన వానలతో ముంచినది. వారి యింటిలోనికి నీరు వచ్చి పుస్తకము లన్నియు నాని పోయినవి. జనవరిలో ఆ వృద్ధుడు మరణించెను.

ఫిబ్రవరిలో వార్షికోత్సవ ప్రదర్శనకై, ఎవ్వ రెన్ని మాటలు చేర్చిరో లెక్కింప బూనితిమి. గాలులు, చుక్కలు అను ఫైలు తెరచితిమి. అకారాదిక్రమములో చక్కగా నున్నది. అట్లు వరుసపెట్టినది మేమే. ఆ ఫైలు పేరు చెప్పి, దీనిని ఎవ్వ రెప్పుడు మార్చిరో చూపుమని గిట్‌ను అడిగితిమి. పేర్లు వచ్చినవి. ఈ బాలిక పేరు ఒక్కచోటను లేదు. ఆమె తెచ్చెద ననిన మాటలును పట్టికలో లేవు.

ఆమెను తరగతి యెదుట నిలువబెట్టి యడిగితిమి.

"నేను ఎక్కించినాను సార్. నవంబరులోనే ఎక్కించినాను."

ఎక్కించినచో చరిత్రలో పేరుండవలెను గదా, మనుష్యులు మరచిపోవుదురు గాని యంత్రము మరవదు గదా యంటిమి. నోటుపుస్తకము తెమ్మంటిమి. తడిసిపోయిన దనెను. ఇట్టి సమయములలో పుస్తకములు తడియుట మేము ఇరువదేండ్లుగా వినుచున్నాము. ఆ యింటిలోనికి నీరు వచ్చినది నిజమే. ఆ వృద్ధుడు మరణించినదియు మాకు తెలియును. తెలిసియే పలికితిమి. పని చేయకపోవుట చిన్న తప్పనియు, చేసితినని చెప్పుట పెద్ద తప్పనియు, నలువదిమంది వినుచుండగా చెప్పితిమి. ఆమె ఏడువలేదు. ఏడ్చియుండిన మాకు కొంచె మనుమానము కలిగియుండెడిదేమో. "ఎక్కించినాను సార్" అని మరియొకసారి మెల్లగా చెప్పి కూర్చుండెను. ప్రదర్శనలో ఆమె పేరు లేదు.

మంచి శుక్రవారము, అనగా 2024 మార్చి 29వ తేదీ, ఆరాధన ముగిసిన తరువాత మా పూర్వవిద్యార్థి యొకడు చూడవచ్చెను. చెన్నపట్టణమున ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగములో నున్నాడు. మాటల పట్టిక చూచి సంతోషించెను. చరిత్ర చూచి నవ్వెను. "ఇన్ని మెర్జ్‌లేంది సార్, జడ వేసినట్టుంది" అనెను. మాటవరుసకు ఈ బాలిక సంగతి చెప్పి, ఈ కాలపు పిల్లలు యంత్రము నెదురుగా పెట్టుకొని గూడ అసత్య మాడుచున్నారంటిమి. అతడు నవ్వు మాని, మీరు ఏమని యడిగి చూచితిరనెను. ఫైలు పేరు చెప్పి యడిగితిమంటిమి. అతడు అదే ప్రశ్నకు ఫుల్ హిస్టరీ యను రెండు పదములు చేర్చి తిరిగి యడిగెను.

బాలిక పేరు వచ్చినది. నవంబరు నెలలో మూడు నమోదులు. మొత్తము 41 మాటలు. వాని పైని, జనవరిలో, సంక్రాంతి సెలవుల కడపటి రాత్రి పదునొకండు గంటలు దాటిన పిమ్మట చేయబడిన మెర్జ్ నమోదు ఒకటి. దాని మీది పేరు మాది.

ఎట్లు జరిగెనో అతడు కాగితముమీద గీసి చూపెను. మా యింటి యంత్రములోని ప్రతిని దసరా మొదలు మేము తాజా చేయలేదు. సెలవులలో ఆ పాత ప్రతినే తీసికొని, గాలులు, చుక్కల ఫైలు నంతటిని అకారాదిగా మార్చి నమోదు చేసితిమి. పుష్ చేయబోగా నిరాకరింపబడినది. పుల్ చేయుమనినది, చేసితిమి. మేము వరుసలన్నియు కదల్చియుండుటచే యంత్రము తనంతట కలుపలేక, ఏది నిలుపవలెనో మీరే నిర్ణయింపుడని ఫైలునిండ బాణపు గుర్తులు పెట్టి యిచ్చినది. పైన నొకటి, క్రింద నొకటి రెండు పట్టికలు కనబడినవి. రెండింటను మొదటి పది మాటలు అవే. వరుస మాత్రము వేరు. మేము క్రిందివరకు చదువలేదు. నిద్ర వచ్చుచుండెను. ఇట్టి సమయమున వాడదగిన ఆజ్ఞ యొకటి యుండుట మా కెరుకయే. అందులో అవర్స్ అని వ్రాసినచో ఒక పక్షమంతయు నిలిచి, రెండవ పక్షమంతయు తొలగును. అట్లే వ్రాసితిమి. పుష్ అంగీకరింపబడినది. సుఖముగా నిద్రించితిమి.

మరి చరిత్రలో ఆమె పేరు ఏల కనబడలేదు? ఇది మేము ఊహింపజాలనిది. ఒక ఫైలు చరిత్ర అడిగినప్పుడు గిట్ పని తగ్గించుటకై దారులను కుదించును. రెండు మూలములు గల నమోదు ఎదురైనప్పుడు, ఆ ఫైలు ఒక మూలములోని దానితో అక్షరమైనను తేడాలేక యున్నచో, ఫైలు అక్కడనుండియే వచ్చినదని భావించి ఆ దారినే నడచును. రెండవ దారివంక తొంగియైనను చూడదు. మేము మా పక్షమును యథాతథముగ నిలిపితిమి గనుక మా దారి మాత్రమే కనబడినది. ఆమె నమోదులు కోశములోనే యుండెను, చెక్కుచెదరక. సాక్షిని పిలిచినప్పుడు పలుకని విధమున పిలిచినవారము మేము. మామూలుగా పుట చూపు పద్ధతిలో మెర్జ్ నమోదు తాను తొలగించిన వరుసలను గూడ చూపదు. అడిగిన గాని చూపదు. ఫైలు పేరు చెప్పక చరిత్రనంతయు చదివియుండిన ఆమె పేరు కనబడియుండునే యని యెవరైన అందురేమో. కనబడియుండును. అంత కలుపులో మేము చదువలేదు. మా నమోదును ఎవ్వరు ననుమానింపకపోవుటకును అదియే కారణము. తక్కిన వట్టి కలుపులలో అదియు నొకటియై యొదిగి యుండెను.

నాటి రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అవర్స్ అను మాట మనస్సులో తిరుగుచుండెను. ఆ మాటను మేము చూచినప్పుడు మనది యని చదివికొంటిమి. మనది, అనగా పాఠశాలది, పిల్లలది, మాది, అందరిది. యంత్రము ఉద్దేశించినది మాది; అనగా నీది కానిది. ఇంగ్లీషున ఈ రెంటికి నొక్కటే మాట. తెలుగున రెండు మాట లున్నవి. ఈ భేదమును ఆరవతరగతి పిల్లలకు ప్రతియేట బోధించుచున్నాము. తొమ్మిదవ ఆజ్ఞను గూర్చి ఆదివారపు బడిలో ఆ నెలలోనే పాఠము చెప్పియుంటిమి. దానినిగూర్చి యిక్కడ నెక్కువ వ్రాయము.

సువార్తల చరిత్రలోని యొక సంగతి ఆ రాత్రియే జ్ఞప్తికి వచ్చినది. రెండవ శతాబ్దమున తతియాను అను సిరియా దేశస్థుడు నాలుగు సువార్తలను కలిపి ఒకే కథగా కూర్చెను. దియతెస్సరోను అను ఆ గ్రంథము సిరియా సంఘములలో చాలకాలము చదువబడెను. మత్తయియు, లూకాయు వ్రాసిన వంశావళులు ఒకదానితో నొకటి కుదురవు. తతియాను రెండింటిని విడిచెను. అయిదవ శతాబ్దమున థియోదొరేతు అను అధ్యక్షుడు తన పాలనలోని సంఘములలో ఇన్నూరు పైచిలుకు ప్రతులుండుట చూచి, వానిని తీసివేసి, నాలుగు సువార్తలను వేరువేరుగా నుంచెను. వంశావళులు కత్తిరింపబడినవని అతని యారోపణ. తతియాను తెలిసి చేసెను. మేము తెలియక చేసితిమి. పోయినది మాత్రము రెండుచోట్లను తాత ముత్తాతల సంగతియే.

ఈస్టరు పండుగ తరువాత బడి తెరచిన మొదటి దినమున, ఏ తరగతి యెదుట ఆ మాట లంటిమో ఆ తరగతి యెదుటనే నిలిచి, నమోదును గోడమీద వెలుగుతో చూపించి, మా పేరు చదివి, క్షమింపుమని ఆ బాలికను అడిగితిమి. తరగతి నిశ్శబ్దముగ నుండెను. ఆమె లేచి నిలువబడి, "ఫరవాలేదు సార్" అనెను. పిల్లలు పెద్దలకు చెప్పు ఫరవాలేదు అను మాటకు అర్థము వ్రాయుట కష్టము. అది మా పట్టికలో లేదు.

ఇక పద్ధతి మార్చుకొన్న విధము. దీనిని కొంచెము వివరముగ వ్రాయుచున్నాము. ఏలయన, మా పూర్వవిద్యార్థులలో పలువు రిట్టి కోశములమీదనే జీవనము చేయుచున్నారు.

మా యంత్రములలోని గిట్ 2.25 సంఖ్య గలది. 2020 జూన్‌లో వచ్చిన 2.27 మొదలుకొని, ఎట్లు కలుపవలెనో నిర్ణయింపక పుల్ చేయువారిని అది హెచ్చరింపసాగెను. 2021 ఆగస్టులో వచ్చిన 2.33 మొదలుకొని, దారులు చీలియున్నప్పుడు పుల్ చేసినచో, ముందు నీ నిర్ణయము చెప్పుమని నిలిచిపోవును. అనగా మా పాఠశాలకు వచ్చిన యిబ్బంది లోకమంతటికిని వచ్చినదే. మా పాత ప్రతి మాత్రము అడుగకయే కలుపుచుండెను. క్రొత్తది తెప్పించుకొంటిమి. అంతటితో నాగక, పుల్.ఎఫ్ఎఫ్ అను అమరికకు ఓన్లీ యను విలువను ప్రతి యంత్రమున నుంచితిమి. దీనివలన ముందుకు జరుగుట యొక్కటే సాధ్యమైనప్పుడు పుల్ పనిచేయును. దారి చీలియున్నచో మెర్జ్ చేయక నిరాకరించును. నిరాకరింపబడిన పిల్ల ఫెచ్ చేసి, వచ్చినదేమో కన్నులార చూచి, ఆ పిమ్మట రీబేస్ చేయును.

రీబేస్ అనగా నేమో పిల్లలకు చెప్పుటకు మాకు మన నెల్లూరి భారతమే తోడుపడినది. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున భారతము మొదలుపెట్టి అరణ్యపర్వము నడుమ నిలిపెను. పదుమూడవ శతాబ్దమున నెల్లూరిలో తిక్కన సోమయాజి ఆ మిగిలినదాని జోలికి పోక విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను. పదునాల్గవ శతాబ్దమున ఎఱ్ఱన వచ్చి అరణ్యపర్వశేషమును పూరించెను. కాలమున ఎఱ్ఱన కడపటివాడు, గ్రంథమున నడిమివాడు. అతడు తన రచనను తన కాలపు రాజునకు గాక, ఎన్నడో గతించిన రాజరాజనరేంద్రునకే అంకితముచేసి, నన్నయ విడిచినచోట నుండి నన్నయయే వ్రాసినట్లు సాగించెను. చదువువానికి భారతము ఒకే వరుసగా సాగును. రీబేస్ చేయునది యిదియే. ఇతరుల పని ముగిసినచోటు చూచి, నా పనిని అచ్చటనుండి మొదలైనట్లు తిరిగి పేర్చుట. వ్రాసినవాని పేరును, వ్రాసిన దినమును అట్లే నిలుచును. దారి మాత్రము ఒక్కటియగును. ఈ ఉపమానము తెలుగు తరగతిలో చెప్పగా, ఒక బాలుడు లేచి, మరి తిక్కన పుల్ చేయలేదా యని అడిగెను. పొందికైన ఉత్తరము మాకు దొరకలేదు.

రీబేస్‌లో రెండు గోతులు గలవు. ఒకటి: పెద్ద కోశమునకు ఇదివరకే పంపిన నమోదులను తిరిగి పేర్చరాదు. వానిని ఆధారము చేసికొని ఇతరులు పని మొదలుపెట్టియుందురు. వారి కాలిక్రింది నేల లాగినట్లగును. ఇంకను పంపని సొంత పనికి మాత్రమే ఇది. రెండవది మాబోటివారికి మరింత ప్రమాదము. రీబేస్ నడుమ వైరుధ్యము వచ్చినచో అవర్స్, దేర్స్ అను మాటలు తారుమారగును. అప్పుడు అవర్స్ అనగా పెద్ద కోశములోనిది. దేర్స్ అనగా నీ సొంత పని. కారణము లేకపోలేదు, నీ పనిని ఎత్తి వేరొకరి పనిమీద పెట్టుచున్నావు గనుక, ఆ క్షణమున నీవే పరాయివాడవు. మా పిల్లలు ఈ రెండు మాటలను వాడుటయే మానుకొనిరి. గుర్తులు పెట్టిన ఫైలును ఇద్దరు కూర్చుండి క్రిందివరకు చదివి, చేతితో సరిచేయుదురు. కాలము పట్టును. పట్టనిమ్ము.

పొరబాటున మెర్జ్ జరిగి, ఇంకను పంపనిచో, భయపడ పనిలేదు. మెర్జ్‌కు ముందున్న స్థితికి ఒరిగ్ హెడ్ అను గురుతు పెట్టియుండును. రీసెట్ ఆజ్ఞతో అచ్చటికి మరలవచ్చును. ఆ ఆజ్ఞకు హార్డ్ అను పదము చేర్చినచో నమోదు చేయని పనియంతయు తుడిచిపెట్టుకొనిపోవును. మెర్జ్ అను పదము చేర్చుట క్షేమము. పంపిన తరువాత తెలిసినచో ఉపాధ్యాయునికి చెప్పవలెను. చెప్పినవారిని కోపపడమని గోడమీద వ్రాసి క్రింద మేము సంతకము చేసితిమి.

మెర్జ్‌లన్నియు చెడ్డవని మా యభిప్రాయము కాదు. ఒక తరగతి వేరుగా ఒక శాఖమీద నెలరోజులు చేసిన పనిని పట్టికలో చేర్చునప్పుడు మెర్జ్ నమోదు ఉండవలసినదే. ఏమి కలిపితిమో, ఏల కలిపితిమో అందులో వ్రాయవలసినదే. లైనక్స్ కెర్నెల్ పనివారికిచ్చిన సూచనలలో గూడ, ప్రధానశాఖను ఊరక తెచ్చి కలుపకుమనియు, కలుపవలసివచ్చినచో హేతువు వ్రాయుమనియు నున్నది. మా కోశమున నట్టివి ఏటికి నాలుగో అయిదో యుండును. వివరణలు తెలుగుననే వ్రాయుచున్నారు. ఒకదానిలో, పదవతరగతివారి వలల పేర్లు కలుపబడినవి, రెండు పేర్లపై తగవు తీరలేదు, రెండును ఉంచితిమి అని యున్నది. చదువ సంతోషమైనది.

ఆ 41 మాటలను తిరిగి చేర్చిన దినము. మా మెర్జ్ యొక్క రెండవ మూలమునుండి పాత ఫైలును తీసి తెరమీద నొకవైపునను, మేము వరుసపెట్టినదానిని మరియొకవైపునను ఉంచి, ఒక్కొక్క మాటను దాని తావున చేర్చవలెను. మేము చేసెదమంటిమి. ఆమె తానే చేసెద ననెను. ఒక మధ్యాహ్నమంతయు పట్టినది. వేగుచుక్క అను మాటకు మేము వ్రాసిన అర్థము ఒకటి ముందే యుండెను. తెల్లవారుజామున కనబడు శుక్రుడని. ఆమె తాత చెప్పినది వేరు. అది పొడిచిన పిమ్మట పడవ నీటిలోనికి త్రోయుట ఆలస్యమని. రెండింటిలో ఏది యుంచవలెనని అడిగెను. రెండును ఉంచుమంటిమి. నమోదునకు వివరణ వ్రాయునప్పుడు కొంతసేపు ఆలోచించి, తాత మాటలు మళ్లీ పెట్టినాను అని మాత్రము వ్రాసెను. ఫెచ్ చేసి, వచ్చినదేమియు లేదని చూచి, పుష్ చేసెను.

ఇప్పుడామె పాఠశాల ముగించుకొని కళాశాలకు వెళ్లినది. పదవతరగతి చదివిన సంవత్సరమంతయు ఆమె పట్టికలో చాల మాటలు చేర్చెను. చిన్నవారికి రీబేస్ నేర్పినదియు ఆమెయే. అయితే పుష్ చేయుటకు ముందు ప్రతిసారియు మమ్ము పిలిచి, తన నమోదును తెరమీద చూపి, మేము చూచితిమని తెలిసికొని గాని మీట నొక్కెడిది కాదు. మేము అట్లు చేయుమని యెన్నడును చెప్పలేదు. అవసరము లేదమ్మా యని రెండుమూడు పర్యాయములు చెప్పితిమి. "ఉండనీండి సార్" అనెడిది.